పాత ఎలక్ట్రిక్ గిటారుకు పికప్ రింగులు: కొనడమా, చేయించుకోవడమా

అమలాపురం దగ్గర నుంచి ఒక మిత్రులు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. వారి మేనమామ గారు చర్చి గాయక బృందంలో వాయించిన గిటారు చాలా ఏళ్లు అటక మీద ఉండి ఇప్పుడు వీరి చేతికి వచ్చింది. అది 1970లలో జపాన్‌లో, గిబ్సన్ కంపెనీ వారి లెస్ పాల్ గిటారు నమూనాలో తయారైనది. పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) చుట్టూ ఉండే రెండు ప్లాస్టిక్ చట్రాలలో, అంటే రింగులలో, బ్రిడ్జి (తీగలు కింది చివర ఆనే దిమ్మ) వైపుది మూడు ముక్కలైంది. మెడ వైపుదానికి ఒక మూల విరిగి స్క్రూ పట్టడం లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే రింగులు సరిపోతాయా, సరిపోకపోతే మన ప్రాంతంలో చేయించుకోగలమా, ఒక దుకాణంలో సలహా ఇచ్చినట్టు పాత రంధ్రాలు పూడ్చి కొత్తవి వేయించుకోవచ్చా అని మూడు సంగతులు అడిగారు.

ముందుగా మూడోదానికి జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. దయచేసి వేయించవద్దు. రింగు మళ్లీ చేయించుకోగలిగిన వస్తువు. గిటారు పైచెక్క మళ్లీ రాదు. నేను గిటార్లు బాగుచేసే పని మొదలుపెట్టిన కొత్తలో, పాలకొల్లు వైపు ఆర్కెస్ట్రాలలో వాయించే ఒకాయన గిటారుకు కొత్త రింగు సరిపోక, పాత రంధ్రాలకు ఒకటిన్నర మిల్లీమీటరు పక్కగా నాలుగు కొత్త రంధ్రాలు వేశాను. ఆ రోజుకు రింగు చక్కగా కూర్చుంది. ఏడాది తిరిగేసరికి రెండు రంధ్రాల మధ్య మిగిలిన పలుచని చెక్క చితికి, రెండూ కలిసి కోడిగుడ్డు ఆకారంలో ఒకే రంధ్రమయ్యాయి. ఆ తరువాత ఏ స్క్రూ వేసినా నిలవలేదు. అంతకన్నా బాధ కలిగించిన విషయం ఏమిటంటే, ఆయన గిటారు పెట్టెలోని చిన్న అర అడుగున, గుడ్డ కింద, అసలు రింగుల్లో ఒకటి దొరికింది. అందువల్ల మీరు కూడా ముందుగా పెట్టెలోని అరలన్నీ, వీలైతే అటక మీద దాని పక్కన ఉన్న సామానూ వెతకండి. విరిగిన ముక్కల్లో గోరంత ముక్కను కూడా పారవేయవద్దు. కొత్త రింగుకు అంతకన్నా నమ్మకమైన నమూనా మీకు మరెక్కడా దొరకదు.

రింగు ఎందుకు విరిగిందో తెలిస్తే కొత్తది ఎలా ఉండాలో తెలుస్తుంది. ఈ రకం గిటారులో పికప్ చెక్కకు నేరుగా బిగించి ఉండదు. ఎత్తు సరిచేసే రెండు పొడవాటి స్క్రూలతో రింగుకు వేలాడుతూ ఉంటుంది; స్ప్రింగులు దానిని కిందకు, రింగును పైకి ఎల్లవేళలా నెడుతూ ఉంటాయి. ఆ రింగును నాలుగు మూలల్లో నాలుగు చిన్న స్క్రూలు చెక్కకు అదిమి పట్టి ఉంచుతాయి. మామూలు హమ్‌బకర్ (రెండు తీగ చుట్టలు ఉన్న పికప్) రింగు బయటి కొలత సుమారు 90 మి.మీ. పొడవు, 46 మి.మీ. వెడల్పు, లోపలి ఖాళీ సుమారు 71, 39 మి.మీ. అంటే రెండు చివర్లలో తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల పట్టీ ఉన్నా, పొడుగు వైపులలో మిగిలేది దాదాపు మూడున్నర మిల్లీమీటర్లే. లెస్ పాల్ నమూనా గిటారు పైభాగం మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. అడుగు చదునుగా ఉన్న రింగును దాని మీద పెడితే మధ్య భాగం మాత్రమే ఆనుకొని, మూలలు గాలిలో ఉంటాయి. స్క్రూలు బిగించిన కొద్దీ మూలలు కిందకు వంగుతాయి. పైగా గుంటలో కూర్చునే శంకువు ఆకారపు స్క్రూ తల మేకులా దిగి ప్లాస్టిక్‌ను రెండుగా చీల్చాలని చూస్తుంది. ఏళ్లు గడిచి ప్లాస్టిక్ పెళుసెక్కిన తరువాత మూల విరగడానికి ఒక చిన్న కుదుపు చాలు.

కొనే సంగతికి వస్తే, హమ్‌బకర్ పికప్‌ను గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రూపొందించారు. 1957 నుంచి అది లెస్ పాల్ గిటార్లలో కనిపిస్తుంది. ఆనాటి గిబ్సన్ రింగుల అడుగున ఎం-69 అనే గుర్తుతో పాటు, ఎత్తు తక్కువగా ఉండే మెడ వైపుదానికి ఎంఆర్ 490 అని, ఎత్తుగా ఉండే బ్రిడ్జి వైపుదానికి ఎంఆర్ 491 అని అచ్చులోనే పోసి ఉంటుంది. ఇప్పుడు ఎం-69 నమూనా అని అమ్మేవన్నీ వాటికి నకళ్లు, వాటి కొలతలు అంగుళాలలో పుట్టినవి. జపాన్, కొరియా గిటార్ల కొలతలు మిల్లీమీటర్లలో పుట్టినవి. బయటికి రెండూ ఒకేలా కనిపించినా, మూలల స్క్రూ రంధ్రాల మధ్య దూరంలో ఒక మిల్లీమీటరు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. కాబట్టి "లెస్ పాల్‌కు సరిపోతుంది" అన్న మాటను నమ్మి డబ్బు కట్టవద్దు. రంధ్రాల మధ్య దూరం అటూ ఇటూ ఎంత, రెండు అంచుల ఎత్తు ఎంతెంత, అడుగు చదునా వంపా అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. చెప్పలేనివారి దగ్గర కొనకండి. కోల్‌కతా లాల్‌బజార్ ప్రాంతంలోని వాయిద్యాల దుకాణాలలో పాత సరుకు కొన్నిసార్లు దొరుకుతుంది, కానీ అక్కడైనా వెర్నియర్ కొలబద్దతో కొలిచిన తరువాతే తీసుకోవాలి.

అడగాలంటే ముందు మీ గిటారు కొలతలు మీ దగ్గర ఉండాలి. తీగలు విప్పి, పికప్ పక్కకు తీసి, పైభాగం మీద పలుచని తెల్ల కాగితం పరచి, నాణెం మీద కాగితం పెట్టి రుద్దినట్టు మెత్తని పెన్సిల్‌తో రుద్దండి; గాడి అంచులూ నాలుగు రంధ్రాలూ కాగితం మీదకు వస్తాయి. ఇది ఆకారం కోసమే గానీ కొలత కోసం కాదు. కొలతకు, నాలుగు రంధ్రాలలో బిగుతుగా పట్టే ఒకే మందం డ్రిల్లు బిట్ల కాడలను నిలువుగా నిలబెట్టి, వెర్నియర్‌తో రెండు కాడల బయటి అంచుల మధ్య ఒకసారి, లోపలి అంచుల మధ్య ఒకసారి కొలవండి. ఆ రెండింటి సగటే రంధ్రాల కేంద్రాల మధ్య దూరం. కేంద్రాన్ని కంటితో అంచనా వేయడం కన్నా ఈ పద్ధతి ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది. నాలుగు భుజాలతో పాటు రెండు కర్ణాలనూ కొలవండి, ఎందుకంటే పాత గిటార్లలో రంధ్రాలు చేతితో వేసినవి కావచ్చు, అవి సరైన దీర్ఘచతురస్రంలో ఉన్నాయని అనుకోవడానికి లేదు.

ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. తీగలు మెడ నుంచి బ్రిడ్జి వైపుకు పోయే కొద్దీ పైచెక్కకు దూరమవుతాయి కాబట్టి బ్రిడ్జి వైపు రింగు ఎత్తుగా, మెడ వైపు రింగు ఎత్తు తక్కువగా ఉంటాయి. రెండింటి పైభాగమూ తీగలకు సమాంతరంగా ఉండేలా వాలు ఇచ్చి ఉంటుంది. ముక్కలు అతికించి చూస్తే ఆ వాలు మీకే తెలుస్తుంది. ముక్కలు చాలకపోతే, తీగలు ఉన్నప్పుడే చివరి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కి పట్టి, రింగు రెండు అంచులు వచ్చే చోట్ల పైచెక్క నుంచి తీగ అడుగు వరకు ఎంత ఉందో కొలవండి. ఆ రెండు కొలతల మధ్య తేడాయే రింగు వాలు. పికప్ పైముఖానికీ తీగకూ మధ్య సుమారు 2 నుంచి 2.5 మి.మీ. ఖాళీ మిగిలి, ఎత్తు స్క్రూ ఇంకా అటూ ఇటూ తిరిగేలా ఉంటే రింగు ఎత్తు సరిగా ఉన్నట్టే.

మెడ వైపు రింగును మార్చవద్దని నా అభిప్రాయం. ఒక మూల మాత్రమే విరిగింది, ముక్క మీ దగ్గర ఉంది. ముక్కను సరిగ్గా అమర్చి, సూదిమొనతో ఒక్క చుక్క సూపర్ గ్లూ పగులులోకి ఇంకనివ్వండి. అది ఆరిన తరువాత రింగును తిరగేస్తే అడుగున డొల్లగా ఉంటుంది; ఆ డొల్లలో గరుకు చేసి, గాజు నార గుడ్డ ముక్కను ఎపాక్సీతో పరవండి. బలమంతా ఆ గుడ్డదే, పైన చుక్క వేసిన గమ్ముది కాదు. అయితే రింగు ఏ ప్లాస్టిక్‌తో చేసిందో ముందుగా చూసుకోవాలి. గుడ్డతో గట్టిగా రుద్ది వేడెక్కించినప్పుడు కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. సెల్యులాయిడ్ ఇట్టే భగ్గుమంటుంది కాబట్టి వేడి సూదితో పరీక్షించడం, మిషను మీద అరగదీయడం, దీపం దగ్గర పెట్టడం చేయకూడదు. అది పాతబడి కుళ్లడం మొదలైతే దాని నుంచి వచ్చే వాయువులు పక్కనున్న లోహాన్ని తినేస్తాయి. అందువల్ల ఆ ముక్కలను పికప్‌లతో కలిపి మూసిన డబ్బాలో ఉంచవద్దు.

బ్రిడ్జి వైపు రింగు కొత్తది చేయాలి. మన వైపు అందుబాటులో ఉన్నవాటిలో నేను ఎక్కువగా నమ్మేది యాక్రిలిక్. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి ఊళ్లలో బోర్డులు, పేర్ల పలకలు చేసే దుకాణాలలో లేజరు మిషన్లు ఉన్నాయి. నల్లని లేదా మీగడ రంగు యాక్రిలిక్ షీటు 3 మి.మీ. మందంలో అక్కడే దొరుకుతుంది. మూడు పొరలు అతికిస్తే 9 మి.మీ. ఎత్తు వస్తుంది, అందులో నుంచి వాలు అరగదీసుకోవచ్చు. షీటులో రెండు రకాలు ఉంటాయి: అచ్చు పోసినది, మిషనులో లాగినది. అచ్చు పోసినదే అడగండి, రెండోది ఆకురాయి కింద కరిగి జిగురులా అంటుకుంటుంది. లేజరు తన దారిలో సుమారు 0.2 మి.మీ. వరకు తినేస్తుంది కాబట్టి లోపలి ఖాళీ అనుకున్నదానికన్నా పెద్దదవుతుంది. మొదట అట్టలో కోయించి, ఆ అట్టను గిటారు మీద పెట్టి నాలుగు రంధ్రాలూ కలిశాయని చూసుకొన్న తరువాతే షీటు మీద కోయించండి. ఇంట్లో మిగిలిన పీవీసీ ముక్కను మాత్రం లేజరు కింద పెట్టమని అడగవద్దు. దాని నుంచి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ మనిషి ఊపిరితిత్తులకూ మిషనుకూ హాని చేస్తుంది.

పొరలను అతికించడానికి ఆ దుకాణాల వారు క్లోరోఫారం వాడుతారు. సిరంజితో అంచున ఒక చుక్క వదిలితే రెండు పొరల మధ్యకు దానంతట అదే పాకుతుంది. గాలి ఆడే చోట, కిటికీ దగ్గర చేయవలసిన పని ఇది. ఇక్కడ ఒక మెలిక ఉంది. లేజరు కోసిన అంచులో ఒత్తిడి మిగిలి ఉంటుంది, దానికి ద్రావకం గానీ స్పిరిట్ గానీ తగిలితే వెంట్రుకల వంటి సన్నని పగుళ్లు పుట్టుకొస్తాయి. అతికించే ముందు ముక్కలను 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు మూడు గంటలు ఉంచి, అదే ఓవెన్‌లో మెల్లగా చల్లారనిస్తే ఆ ఒత్తిడి పోతుంది. అతికిన తరువాత ఒక రోజంతా ముట్టుకోకుండా ఉంచాలి. రంధ్రాలను లేజరుతో సన్నగా గుర్తు పెట్టించి, చేతి డ్రిల్లుతో నెమ్మదిగా పెద్దవి చేయండి. 2.5 మి.మీ. స్క్రూకు 2.8 లేదా 3 మి.మీ. రంధ్రం ఉండాలి, స్క్రూ ప్లాస్టిక్‌లో మరలు కోసుకోకూడదు, చెక్కలో మాత్రమే పట్టాలి.

అడుగు వంపును గిటారే తీర్చిదిద్దాలి. గిటారు పైభాగాన్ని ముందు మాస్కింగ్ టేపుతో, దాని మీద పలుచని ప్లాస్టిక్ కాగితంతో కప్పి, రింగు కూర్చునే చోట 120 నంబరు ఉప్పుకాగితాన్ని గరుకు పైకి ఉండేలా టేపుతో బిగించండి. దాని మీద రింగును మెడ నుంచి బ్రిడ్జి దిశగా, ఒకే దారిలో, చిన్న చిన్న జరుగుబాట్లతో రుద్దుతూ ఉంటే అడుగు తెల్లని పొడి రాలుస్తూ క్రమంగా పైచెక్క వంపును తీసుకుంటుంది. అడుగున స్కెచ్ పెన్నుతో అడ్డగీతలు గీసి ఉంచుకుంటే ఎక్కడ తగులుతోందో, ఎక్కడ తగలడం లేదో కనిపిస్తుంది. గీతలన్నీ సమానంగా చెరిగిన రోజున ఆపండి. వేలితో ఏ మూల నొక్కినా రింగు కదలకూడదు. ఈ పనికి నాకు సాధారణంగా ఒక పూట పడుతుంది, ఇందులో తొందరపడితే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది.

చెక్కతో చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. పనస, టేకు చెక్కలతో చేయవచ్చు, చూడముచ్చటగా కూడా ఉంటుంది. కాకపోతే ఆ మూడున్నర మిల్లీమీటర్ల పొడుగు పట్టీల వెంబడి చెక్క నార సాగేలా కోయాలి, అడ్డంగా కోస్తే చేతిలోనే పుటుక్కున విరుగుతుంది. చివరి పట్టీలలో నార అడ్డం పడక తప్పదు కాబట్టి అడుగున పలుచని అడ్డనార పొర ఒకటి అతికించాలి. కోనసీమలో పుట్టినవాళ్లం కాబట్టి కొబ్బరి చిప్ప మీదకు మనసు పోవడం సహజమే. అయితే 90 మి.మీ. పొడవున చదునైన ముక్క ఏ చిప్పలోనూ రాదు. ఇత్తడి రింగును కంసాలి చేత చక్కగా కోయించుకోవచ్చు గానీ, పికప్ చుట్టూ మూసిన లోహపు చట్రం ఉంటే ట్రెబుల్ కొంత తగ్గుతుంది, దానికి ఎర్త్ తీగ కూడా కలపాలి. మీ మేనమామ గారి గిటారు పాత ధ్వనే కావాలనుకుంటే ఆ దారి వద్దు.

అచ్చు తీసి పోసే పద్ధతి, ముక్కలు అతికించి మూలరూపం తయారు చేసుకోగలిగినవారికి మంచిది, ఎందుకంటే అసలు రింగు అంచుల గుండ్రదనం, మెరుపు కూడా అందులోకి వస్తాయి. సిలికాన్ రబ్బరుతో అచ్చు తీయాలి. పోసే పదార్థం విషయంలో మాత్రం మన వాతావరణాన్ని గుర్తు పెట్టుకోవాలి. పాలీయురేథేన్ రెజిన్ గాలిలోని తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది, ముసురు రోజుల్లో పోస్తే రింగు లోపల బుడగలతో నురుగులా తయారవుతుంది. ఉప్పాడ, అంతర్వేది తీరాలలో ఫైబర్ పడవలకు వాడే పాలిస్టర్ రెజిన్ చవకగా, సులభంగా దొరుకుతుంది. కానీ అది గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. అంటే పొడవులో సుమారు 2 శాతం. అందులో కొంత లోతులో సర్దుకుపోయినా, 90 మి.మీ. పొడవులో ఒక మిల్లీమీటరు పోయినా చాలు, రంధ్రాలు కలవవు. అందువల్ల నల్ల రంగు కలిపిన ఎపాక్సీనే పోయండి. తేమ ఉన్న రోజున ఎపాక్సీ పైన జిడ్డు వంటి తెల్లని పొర తేలవచ్చు. గోరువెచ్చని నీటితో కడిగితే అది పోతుంది. కడగకుండా ఉప్పుకాగితం పెడితే మాత్రం లోపలికి అదుముకుపోతుంది.

త్రీడీ ప్రింటింగ్ గురించి ఒక్క మాట. పీఎల్‌ఏ అనే పదార్థం సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో గిటారును వదిలితే స్ప్రింగుల ఒత్తిడికి రింగు వంగిపోతుంది. ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటే వరకు నిలుస్తుంది కాబట్టి ప్రింటు చేయించేవారు దానినే అడగాలి, అయితే గిటారుకు బిగించేది మాత్రం కొలతలన్నీ తేలిన తరువాతే.

మెడ వైపున పాతదీ బ్రిడ్జి వైపున కొత్తదీ పక్కపక్కన ఉన్నప్పుడు రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీవి నల్లవైతే కొత్తదాని మెరుపును 1500 నంబరు నీటి ఉప్పుకాగితంతో కొద్దిగా తగ్గిస్తే చాలు. మీగడ రంగువైతే కలిపే రంగులోనే పసుపు ఛాయ తెచ్చుకోవాలి. స్పిరిట్‌లో కరిగించిన లక్క పూసి పాతదనం తెచ్చే పద్ధతి ఎపాక్సీ మీదా చెక్క మీదా బాగుంటుంది. యాక్రిలిక్ మీద స్పిరిట్ పడితే పగుళ్లు వస్తాయని పైన చెప్పాను, దాని మీద మాత్రం పూయవద్దు.

ఇక బిగించడం. ఎత్తు స్క్రూలు కొత్తవి కొనవలసి వస్తే ఒక జాగ్రత్త అవసరం. అమెరికా పికప్‌లలో 3-48 అనే మర, ఆసియా పికప్‌లలో సాధారణంగా ఎం2.5 లేదా ఎం2.6 మర ఉంటాయి. మొదటిదాని మందం 2.51 మి.మీ., అంటే కంటికి ఎం2.5కూ దానికీ తేడా తెలియదు; కానీ మరకూ మరకూ మధ్య 3-48లో 0.53 మి.మీ., ఎం2.5లో 0.45 మి.మీ. ఉంటుంది. రెండు మూడు చుట్లు సాఫీగా ఎక్కి తరువాత బిగుసుకుందంటే తప్పు స్క్రూ వేసినట్టే. అక్కడే ఆగి వెనక్కు తిప్పండి, బలవంతం చేస్తే పికప్ కాలిలోని మర పోతుంది. స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే, సైకిలు షాపులో దొరికే వాల్వు ట్యూబును 10 మి.మీ. ముక్కగా కోసి తొడగండి. పికప్ కదలదు, కీచుమనదు.

మూలల స్క్రూలకు కొద్దిగా కొవ్వొత్తి మైనం రాయండి. వడ్రంగులు కొందరు సబ్బు రాస్తారు, సబ్బు తేమను పీల్చి మన సముద్రపు గాలిలో స్క్రూను త్వరగా తుప్పు పట్టిస్తుంది. పాత రంధ్రం వదులైతే సన్నని వెదురు పుల్లకు ఫెవికాల్ రాసి లోపల పెట్టి, రాత్రంతా ఆరనిచ్చి, అంచుకు సమంగా కోసి, అదే కేంద్రంలో సన్న రంధ్రం తిరిగి వేయండి. నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల వరుసలో, తల రింగును తాకి ఆగే వరకే బిగించండి. ఆ తరువాత పావు చుట్టు కూడా అవసరం లేదు. మూడు ముక్కలైన పాత రింగును ఒక కాగితపు కవరులో వేసి, దాని మీద మీరు తీసిన నాలుగు భుజాల, రెండు కర్ణాల కొలతలూ రెండు అంచుల ఎత్తులూ రాసి, గిటారు పెట్టెలోని అరలో ఉంచండి. పని మొదలుపెట్టే ముందు ఆ కొలతలనూ, పైచెక్క ఫోటోనూ పంపితే రంధ్రాల సంగతి నేను మరొకసారి సరిచూసి చెబుతాను.